కట్టె, కవరు కలిసి బొగ్గయితే?

ప్రతి సంవత్సరం ఈ సంచికలో కథలు, కవితలు, పొడుపు కథలు, జోకులు వస్తుంటాయి. ఈసారి తొమ్మిది, పదో తరగతులు చదివే సైన్సు బృందం పిల్లలమైన మేము ఒక పాఠం రాద్దామనుకున్నాము. ఇది మా పాఠ్యపుస్తకంలో ఉన్న పాఠం కాదు. మన హాస్టల్ వెనుక గోడ దగ్గర మొదలైన పాఠం.

పాఠం ఎలా మొదలైంది?

మన ఆవరణలో వేపచెట్లు, కానుగచెట్లు ఉన్న సంగతి అందరికీ తెలుసు. చలికాలం పోయే రోజుల్లో ఆకు విపరీతంగా రాలుతుంది. వంతుల ప్రకారం ఊడుస్తాము. ఆకులతో పాటు బిస్కెట్ కవర్లు, పాల ప్యాకెట్లు, షాంపూ ప్యాకెట్లు, తెగిన చెప్పులు అన్నీ చీపురు ముందుకు వస్తాయి. అన్నిటినీ ఒకే కుప్పగా వెనుక గోడ దగ్గరకు నెట్టి, సాయంత్రం అగ్గిపుల్ల గీసేవాళ్లము. ఆ మూల మీ కాలంలోనూ నల్లగానే ఉండేదని అన్నలు చెబుతుంటారు.

పోయిన ఏడాది ఒక రాత్రి ఆరో తరగతి తమ్ముడికి ఆయాసం ఎక్కువైంది. గదినిండా పొగ. వార్డెన్ సార్, వాచ్‌మన్ తాత కలిసి ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు. తెల్లవారి తిరిగి వచ్చాడు. అన్నం దగ్గర కూర్చొని, "అన్నా, నిన్న ఆకులు ఎవరు కాలవెట్టిన్రు?" అని అడిగాడు. ఆ రోజు ఊడ్చే వంతు మాదే. మాలో ఎవరమూ జవాబు చెప్పలేదు.

ఆ తర్వాత సైన్సు సార్ దగ్గరకు వెళ్లి, ఆకులను కాల్చకుండా ఏం చేయవచ్చునని అడిగాము. ఎరువు గుంత ఒక మార్గమని, ఎండుపుల్లలూ కట్టెముక్కలూ ఉంటే బొగ్గు చేసి కూరగాయల మడిలో వేయవచ్చునని సార్ చెప్పారు. మేము రెండో దానికే ఉబలాటపడ్డాము. వంటగదిలో ఖాళీ అయిన నూనె డబ్బా ఒకటి తీసుకున్నాము. ఊడ్చిన కుప్పలోంచి రెండు కిలోలు తూచి అందులో కుక్కాము. మూత గట్టిగా బిగించి, మూతకు సన్నని రంధ్రం పెట్టి, సార్ ఎదుటనే డబ్బా చుట్టూ కట్టెలు పేర్చి మంట పెట్టాము.

మరునాడు డబ్బా తూచితే కిలోకు కొంచెం తక్కువగా బొగ్గు వచ్చింది. అంత ఎక్కువ వచ్చిందని సంబరపడ్డాము. గుమ్మరించి చూస్తే కొన్ని ముక్కలు చేతిలో పొడి కావడం లేదు. ఆకులూ పుల్లలూ ఒకదానికొకటి అతుక్కొని, నల్లగా మెరుస్తూ గడ్డలుగా ఉన్నాయి. కాలిన మైనం వాసన వస్తోంది. కుక్కేటప్పుడు కవర్లు ఏరలేదు. "ఏమైతది, నిప్పు అన్నిటినీ తింటది, పాలకూర మడిలో పోద్దాం" అన్నాడు మాలో ఒకడు. సార్ మాత్రం, "ముందు లోపల ఏం జరిగిందో తెలుసుకోండి, తర్వాత పోయండి" అన్నారు. ఆ గడ్డలను ఒక బకెట్‌లో పెట్టి, మూత వేసి, తెలుసుకోవడం మొదలుపెట్టాము. తెలుసుకున్నదే ఈ వ్యాసం.

కాలడం వేరు, బొగ్గు కావడం వేరు

కట్టెకు గాలి బాగా తగిలితే మండుతుంది. అందులోని కర్బనం ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డై ఆక్సైడ్‌గా పోతుంది. చివరికి మిగిలేది బూడిద. అదే కట్టెను గాలి తగలకుండా వేడి చేస్తే మండదు, విడిపోతుంది. ఆవిర్లు, వాయువులు బయటికి పోగా కర్బనం ఎక్కువగా ఉన్న నల్లని ఘనపదార్థం మిగులుతుంది. అదే బొగ్గు. మన పుస్తకాలలో దీనిని విధ్వంసక స్వేదనం అంటారు. ఇంజనీర్లు పైరాలసిస్ అంటారు.

పేరు కొత్తదైనా పని పాతదే. మన తాతల కాలం నుంచి బొగ్గుబట్టీలలో జరిగేది ఇదే. సర్కారు తుమ్మ కట్టెను కుప్పగా పేర్చి, పైన ఆకు, గడ్డి పరిచి, మట్టితో కప్పి, లోపల నిప్పు పెట్టి, గాలి కొంచెమే పోయేటట్టు చూస్తారు. మనలో కొందరి ఇళ్లలో తాతలు ఈ పని చేసినవారే. పొగ రంగు చూసి బట్టీ ఎప్పుడు మూయాలో వాళ్లు చెప్పగలరు. మొదట తెల్లని పొగ వచ్చేది నీటి ఆవిరి వల్ల. తర్వాత పసుపు కలిసిన చిక్కని పొగ తారు ఆవిర్లది. పొగ పలచబడి నీలిగా మారితే బొగ్గు అయినట్టే.

ఇలా చేసిన బొగ్గును పొయ్యికి కాకుండా నేలకు వాడితే దానిని బయోచార్ అంటారు. దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతంలో పూర్వీకులు బొగ్గు కలిపిన నల్ల నేలలు వందల ఏండ్ల తర్వాత కూడా సారవంతంగానే ఉన్నాయి. హైదరాబాదు సంతోష్‌నగర్‌లో కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది. దీనినే క్రిడా అంటారు. దీని పరిశోధన క్షేత్రం మన రంగారెడ్డి జిల్లాలోని హయత్‌నగర్‌లోనే ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు ఇనుప డ్రమ్ముతో తక్కువ ఖర్చు బట్టీ తయారుచేసి, పత్తికట్టె, కందికట్టె, ఆముదం కట్టె, మక్కజొన్న కట్టెలతో బయోచార్ చేసి చూపించారు. మన ఇబ్రహీంపట్నం చుట్టూ ఎర్ర చెల్క నేలలు ఎక్కువ. నీటిని ఎక్కువసేపు నిలుపుకోలేవు. బొగ్గులో కంటికి కనబడని సన్నని రంధ్రాలు లెక్కలేనన్ని ఉంటాయి. వాటిలో నీరు, పోషకాలు కొంత నిలుస్తాయి. కాబట్టి ఇటువంటి నేలలకు బొగ్గు మేలు చేస్తుందని ఆశ. ఆ మేలంతా ఆ రంధ్రాల మీదే ఆధారపడి ఉంటుందని గుర్తుపెట్టుకోండి. ముందు ముందు ఈ సంగతి అవసరమవుతుంది.

రెండింటి పుట్టుక వేరు

చెట్టు కట్టెలో ముఖ్యంగా మూడు పదార్థాలు ఉంటాయి. సెల్యులోజు, హెమిసెల్యులోజు, లిగ్నిన్. సెల్యులోజు పొడుగు నార వంటిది. హెమిసెల్యులోజు ఆ నారలను చుట్టుకొని ఉంటుంది. లిగ్నిన్ గోడకు సిమెంటులాగా అన్నిటినీ గట్టిగా పట్టి ఉంచుతుంది.

పాల ప్యాకెట్‌లో ఉండేది పాలిథీన్. 1933లో ఇంగ్లండులోని ఐసీఐ కంపెనీ ప్రయోగశాలలో ఇది అనుకోకుండా దొరికింది. వేరే ప్రయోగం చేస్తుంటే పాత్రలో మైనం వంటి తెల్లని పదార్థం మిగిలింది. అదే పాలిథీన్. మా డబ్బాలో మైనం వాసన ఎందుకు వచ్చిందో దీనిని బట్టి కొంత ఊహించవచ్చు.

ఇప్పుడు పదో తరగతి వాళ్లు కాగితం, పెన్ను తీసుకోండి. కర్బనం పరమాణు భారం 12, హైడ్రోజన్ 1, ఆక్సిజన్ 16 అని మనకు తెలుసు.

సెల్యులోజులో మళ్లీ మళ్లీ వచ్చే భాగంలో 6 కర్బనాలు, 10 హైడ్రోజన్లు, 5 ఆక్సిజన్లు ఉంటాయి. మొత్తం భారం 72 + 10 + 80 = 162. అంటే నూటికి కర్బనం 44.4, హైడ్రోజన్ 6.2, ఆక్సిజన్ 49.4.

పాలిథీన్‌లో మళ్లీ మళ్లీ వచ్చేది ఒక కర్బనం, రెండు హైడ్రోజన్లు. భారం 14. నూటికి కర్బనం 85.7, హైడ్రోజన్ 14.3. ఆక్సిజన్ అసలే లేదు.

కట్టెలో సగానికి దగ్గరగా ఆక్సిజన్ ఉంది, హైడ్రోజన్ తక్కువ. ప్లాస్టిక్‌లో ఆక్సిజన్ లేదు, హైడ్రోజన్ రెట్టింపుకు మించి ఉంది. ఒకరికి ఉన్నది ఇంకొకరికి లేదు. ఈ రెండూ ఒకే డబ్బాలో వేడెక్కితే ఊరికే పక్కపక్కన ఉండవు. వాటి మధ్య ఇచ్చిపుచ్చుకోవడం జరుగుతుంది.

డబ్బా వేడెక్కుతుంటే మెట్టుమెట్టుగా ఏం జరుగుతుంది?

మొదటి మెట్టు: 100 డిగ్రీల సెల్సియస్ దాటేసరికి కట్టెలోని తేమ ఆవిరైపోతుంది.

రెండో మెట్టు: సుమారు 105 నుంచి 135 డిగ్రీల మధ్య పాలిథీన్ కరుగుతుంది. బిస్కెట్ కవర్లలో వాడే పాలీప్రొపిలీన్ 160 డిగ్రీల దాపున కరుగుతుంది. గమనించండి, కట్టె ఇంకా చెక్కుచెదరలేదు. కరిగిన ప్లాస్టిక్ పాకంలాగా జారి ఆకులకు, పుల్లలకు పట్టుకుంటుంది.

మూడో మెట్టు: సుమారు 220 నుంచి 315 డిగ్రీల మధ్య హెమిసెల్యులోజు విడిపోతుంది. 315 నుంచి 400 మధ్య సెల్యులోజు విడిపోతుంది. కట్టె బరువులో ఎక్కువ భాగం తగ్గేది ఇక్కడే. లిగ్నిన్ మాత్రం తొందరపడదు. 160 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి 900 డిగ్రీల దాకా నెమ్మదిగా విడిపోతూనే ఉంటుంది. బొగ్గుకు ఎక్కువ కర్బనం ఇచ్చేది కూడా ఈ లిగ్నినే.

నాలుగో మెట్టు: 400 డిగ్రీలు దాటిన తర్వాతనే పాలిథీన్ బాగా తెగడం మొదలవుతుంది. 450 నుంచి 500 డిగ్రీల మధ్య ముమ్మరంగా తెగి ఆవిరవుతుంది. ఒంటరిగా వేడి చేస్తే చివరికి దాదాపు ఏమీ మిగలదు.

ఇప్పుడు మా నూనె డబ్బా సంగతి అర్థమవుతుంది. బయటి మంట పక్కన డబ్బా అంచులు బాగా వేడెక్కాయి. నడుమ ఉన్న కుప్పకు అంత వేడి అందలేదు. అక్కడ కట్టె బొగ్గయింది కానీ ప్లాస్టిక్ తెగలేదు. కరిగి, ముక్కలను అతికించి, చల్లారి గట్టిపడింది. అంచుల దగ్గర ఆవిరైన ప్లాస్టిక్ కూడా అంతా బయటికి పోలేదు. పొడుగు గొలుసుల ఆవిరి చల్లని చోటు తగలగానే మళ్లీ మైనంగా మారి బొగ్గు మీద పేరుకుంది. నిప్పు అన్నిటినీ తినలేదు.

ఒకదాని వల్ల ఇంకొకదానికి ఏమవుతుంది?

ఇదే ఈ పాఠంలో ముఖ్యమైన భాగం. కట్టె, ప్లాస్టిక్ కలిసి వేడెక్కినప్పుడు మూడు రకాల పనులు జరుగుతాయి.

మొదటిది, పూత. కరిగిన ప్లాస్టిక్ కట్టెముక్క మీద పూతలాగా పట్టుకుంటే లోపలి ఆవిర్లు బయటికి పోవడానికి దారి ఉండదు. లోపలనే ఎక్కువసేపు ఉండి, వేడి బొగ్గుకు తగిలి, ఒకదానితో ఒకటి అతుక్కొని అవి కూడా బొగ్గుగా మారతాయి. దీనివల్ల బొగ్గు పెరుగుతుంది. కానీ రంధ్రాలు పూడుకుపోతాయి.

రెండోది, హైడ్రోజన్ దానం. వేడికి అణువులు తెగినప్పుడు జత లేని ఎలక్ట్రాన్ ఉన్న ముక్కలు ఏర్పడతాయి. వీటిని స్వేచ్ఛా ప్రాతిపదికలు అంటారు. కోలాటంలో జోడీ విడిపోయినవాడు పక్కన ఎవరు దొరికితే వాళ్లతో కోల కలిపినట్టు ఇవి దొరికినదానిని పట్టుకుంటాయి. కట్టె ముక్కలకు తమలో తామే దొరికితే ఒకదానితో ఒకటి గట్టిగా ముడిపడి బొగ్గవుతాయి. పక్కన ప్లాస్టిక్ ఉంటే దాని నుంచి హైడ్రోజన్ లాక్కొని తృప్తిపడి, ఆవిరిగా బయటికి పోతాయి. అప్పుడు నూనె పెరిగి బొగ్గు తగ్గుతుంది. హైడ్రోజన్ పోగొట్టుకున్న ప్లాస్టిక్ గొలుసు కూడా అక్కడ తెగుతుంది. అంటే కట్టె ప్లాస్టిక్‌ను తెంపుతుంది, ప్లాస్టిక్ కట్టెకు హైడ్రోజన్ ఇస్తుంది. ఇది జరగాలంటే రెండూ ఒకే సమయంలో విడిపోతూ ఉండాలి. సెల్యులోజు పని 400 డిగ్రీలకే ముగుస్తుంది కాబట్టి, తర్వాత ప్లాస్టిక్‌తో ఎక్కువగా కలబడేది నెమ్మదిగా నడిచే లిగ్నిన్, అప్పటికే తయారైన బొగ్గు.

మూడోది, ఉత్ప్రేరక చర్య. కట్టెలో పొటాషియం, కాల్షియం వంటి ఖనిజాలు ఉంటాయి. అవి బొగ్గులోనే మిగిలిపోతాయి. వేడి బొగ్గు ఉపరితలం, అందులోని ఖనిజాలు కలిసి ప్లాస్టిక్ ఆవిర్లను ఇంకా చిన్న ముక్కలుగా విరగ్గొట్టడానికి సాయపడతాయి.

మొదటి పని బొగ్గును పెంచేది, రెండోది తగ్గించేది. రెండూ ఒకేసారి జరుగుతుంటాయి. ఏది గెలుస్తుందనేది ఏ ప్లాస్టిక్, ఎంత పాలు, ఎంత వేడి, ఎంత వేగంగా వేడి అనే వాటిపై ఆధారపడి ఉంటుంది. అందుకే ఒక ప్రయోగంలో బొగ్గు పెరిగిందనీ, ఇంకొక దానిలో తగ్గిందనీ శాస్త్రవేత్తలు రాస్తుంటారు. రెండూ నిజం కావచ్చు.

దీనిని కొలిచే పద్ధతి చాలా తేలిక. ఊహకు ఒక లెక్క వేద్దాం. 100 గ్రాముల కట్టె ఒంటరిగా 30 గ్రాముల బొగ్గు ఇస్తుందనుకుందాం. పాలిథీన్ ఒంటరిగా ఏమీ మిగల్చదనుకుందాం. 80 గ్రాముల కట్టె, 20 గ్రాముల పాలిథీన్ కలిపితే 24 గ్రాములు రావాలి. 24 వస్తే రెండూ ఒకదాన్నొకటి పట్టించుకోలేదని అర్థం. 21 వస్తే హైడ్రోజన్ దానం గెలిచింది. 27 వస్తే? పూత వల్ల నిజంగానే బొగ్గు పెరిగి ఉండవచ్చు, లేదా ప్లాస్టిక్ ఇంకా తెగకుండా అందులోనే దాక్కొని ఉండవచ్చు. ఏదో తెలియాలంటే ప్రయోగశాలలో దానిని మళ్లీ గాలి లేకుండా 550 డిగ్రీల దాకా వేడి చేసి చూడాలి. బరువు బాగా తగ్గిపోతే అది ప్లాస్టికే.

మేము బొగ్గు ఎక్కువ వచ్చిందని సంబరపడ్డామని చెప్పాము కదా. ఆ బరువులో కొంత ఊడ్చినప్పుడు వచ్చిన మట్టి, కొంత కరిగి గట్టిపడిన కవర్లు. త్రాసు బరువు చెబుతుంది కానీ ఆ బరువు దేనిదో చెప్పదని అప్పుడు తెలిసింది.

అన్ని ప్లాస్టిక్‌లు ఒకటి కావు

పాలిథీన్, పాలీప్రొపిలీన్: పాల ప్యాకెట్లు, క్యారీ బ్యాగులు, బిస్కెట్ కవర్లు, చాలా రకాల బకెట్లు. వేడి సరిపోతే దాదాపు ఏమీ మిగల్చవు. సరిపోకపోతే పూతగా మిగిలిపోతాయి.

పాలీస్టైరీన్: తెల్లని థర్మోకోల్. దీనిలో వలయాకారపు అణుభాగాలు ఉంటాయి. ఘాటైన స్టైరీన్ ఆవిరి వస్తుంది.

పెట్: నీళ్ల సీసాలు, కూల్‌డ్రింకు సీసాలు. దీనిలో నూటికి 33 పాళ్లు ఆక్సిజన్ ఉంటుంది. పూర్తిగా వేడి చేసినా పదో వంతుకు పైగా నల్లని అవశేషం మిగులుతుంది. అంటే ఇది తానే కొంత బొగ్గవుతుంది.

షాంపూ, గుట్కా, చిప్స్ ప్యాకెట్లు: వీటిలో రెండు మూడు రకాల ప్లాస్టిక్ పొరలు, చాలా పలచని అల్యూమినియం పొర కలిసి ఉంటాయి. ప్లాస్టిక్ పోయినా అల్యూమినియం మెరుపు బొగ్గులోనే ఉంటుంది.

పీవీసీ: తీగల పైతొడుగు, పాత పైపులు, కొన్ని రకాల చెప్పులు, రెగ్జిన్. అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండవలసింది దీనితోనే. దీని భారంలో నూటికి 56.8 పాళ్లు క్లోరిన్. సుమారు 250 డిగ్రీల దగ్గరే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును వదలడం మొదలుపెడుతుంది. లెక్క వేస్తే 100 గ్రాముల శుద్ధమైన పీవీసీ నుంచి 58 గ్రాముల దాకా ఈ వాయువు రాగలదు. తడి తగిలితే ఇదే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మన కండ్లు, ముక్కు, ఊపిరితిత్తులు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. కట్టె మీద దీని ప్రభావం కూడా చిత్రంగా ఉంటుంది. ఈ ఆమ్లం సెల్యులోజు నుంచి నీటిని ముందుగానే లాగేసి, తక్కువ వేడికే బొగ్గు అయ్యేటట్టు చేస్తుంది. బొగ్గు పెరుగుతుంది కానీ అందులో క్లోరిన్ చేరుతుంది. గాలి, క్లోరిన్, కర్బనం కలిసి ఉండి, రాగి వంటి లోహం కూడా తోడైతే, సుమారు 200 నుంచి 450 డిగ్రీల మధ్య డయాక్సిన్లు అనే విషపదార్థాలు పుడతాయి. అవి కొవ్వులో చేరి శరీరంలో ఏండ్ల తరబడి ఉండిపోతాయి. రాగి కోసం కరెంటు తీగలు కాల్చేచోట ఇవన్నీ ఒకేసారి ఉంటాయి. ఆ పని చేసేవాళ్లు చాలావరకు మన వంటి ఇళ్ల నుంచి వచ్చినవారే. అందుకే ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాము.

మరి ఇది మేలా, కీడా?

పని జరిగే చోటును బట్టి ఉంటుంది. మూసిన పాత్ర, కొలిచి ఇచ్చే వేడి, ఆవిరిని చల్లార్చి పట్టే ఏర్పాటు, వాయువును కడిగే ఏర్పాటు ఉన్న కర్మాగారంలో ఏరిన ప్లాస్టిక్‌ను, కట్టెను కలిపి నూనె, వాయువు తీయవచ్చు. ఒంటరి కట్టె నుంచి వచ్చే నూనెలో ఆక్సిజన్ ఎక్కువ, పులుపు ఎక్కువ. ప్లాస్టిక్ ఇచ్చే హైడ్రోజన్ వల్ల ఆ నూనె మెరుగవుతుంది. ప్రపంచంలో చాలాచోట్ల పరిశోధనలు ఈ దిశగానే జరుగుతున్నాయి. అక్కడ వచ్చే బొగ్గును పరీక్షించిన తర్వాతే దేనికి వాడాలో నిర్ణయిస్తారు.

నూనె డబ్బాలో, బొగ్గుబట్టీలో, గోడ పక్కన కుప్పలో ఇవేవీ లేవు. అక్కడ ఆవిరి అంతా మన మీదికే వస్తుంది. వచ్చిన బొగ్గు నేలకు కూడా పనికిరాదు. రంధ్రాలు పూడిపోయిన బొగ్గు నీటిని పట్టదు. తెగని ప్లాస్టిక్ పొడి పొడిగా విరిగి మట్టిలో కలుస్తుంది. అసంపూర్తిగా విడిపోయిన తారు పదార్థాలలో కొన్ని క్యాన్సర్ కలిగించేవి ఉంటాయి. బొగ్గు ఒకసారి మట్టిలో కలిస్తే తిరిగి ఏరలేము. మంచి బొగ్గుకు ఉన్న గొప్ప గుణం వందల ఏండ్లు నేలలో ఉండడం. చెడు బొగ్గుకు కూడా అదే గుణం ఉంటుంది.

ఇది మన చుట్టుపక్కల రైతులకు కూడా పనికివచ్చే మాట. టమాట, మిరప, పుచ్చ మళ్లలో ఇప్పుడు మల్చింగ్ షీటు పరుస్తున్నారు. పంట అయిపోయాక చినిగిన షీటు ముక్కలు మొక్కల మోళ్లకు చుట్టుకొనే ఉంటాయి. ఆ మోళ్లతో బొగ్గు చేయాలనుకుంటే ముందు షీటు, డ్రిప్ పైపు ముక్కలు ఏరి తీరాలి.

చట్టం ఏమంటోంది? జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో దేశమంతటా చెత్తను బహిరంగంగా కాల్చడాన్ని నిషేధించింది. మామూలుగా కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో కాలిస్తే 25,000 రూపాయలు కట్టాలని చెప్పింది. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు, స్ట్రాలు వంటి ఒకసారి వాడి పారేసే వస్తువులు కొన్ని నిషేధంలోకి వచ్చాయి. అయితే పాల ప్యాకెట్, బిస్కెట్ కవర్ ఆ జాబితాలో లేవు. అవి మన చీపురు ముందుకు వస్తూనే ఉంటాయి. కాబట్టి ఏరే పని మనదే.

మా రెండో డబ్బా

సంగతి తెలిసిన తర్వాత పాలకూర మడిలో ఏమీ పోయలేదు. మొదటి డబ్బా గడ్డలను సంచిలో కట్టి చెత్తబండికి ఇచ్చి, ఇది ఎరువు కాదని చెప్పాము. వరండాలో మూడు డ్రమ్ములు పెట్టాము. ఒకటి ఆకులకు, ఒకటి పుల్లలకు, ఒకటి కవర్లకు. ఊడ్చిన తర్వాత కాదు, ఊడ్చకముందే కవర్లు ఏరాలని నియమం పెట్టుకున్నాము. ఆకులో కలిసిన తర్వాత ఏరడం కన్నా ఇది చాలా తేలిక. ఆకులు ఎరువు గుంతకు పోతాయి. బాగా ఎండిన పుల్లలు, కట్టెముక్కలు మాత్రమే డబ్బాకు పోతాయి.

సార్ సమక్షంలో మళ్లీ రెండు కిలోలు పెట్టాము. ఈసారి అర కిలోకు కొంచెం పైగా వచ్చింది. మొదటిసారి కన్నా చాలా తక్కువ. కానీ వేళ్లతో నలిపితే కరకరమని పొడి అయింది. మైనం వాసన లేదు. చేతికి అంటిన నలుపు మామూలు నీళ్లకే పోయింది. దానిని పశువుల ఎరువుతో కలిపి కొన్ని రోజులు నానబెట్టి, ఒక మడిలో వేశాము. పక్క మడిలో వేయలేదు. రెండిటికీ ఒకే కొలత నీళ్లు పోస్తున్నాము. ఏ మడి మట్టి ముందు ఎండుతుందో తేదీలవారీగా నోటుపుస్తకంలో రాస్తున్నాము. ఫలితం ఇప్పుడే చెప్పడం తొందరపాటు అవుతుంది. మా తర్వాత వచ్చే తమ్ముళ్లు ఆ నోటుపుస్తకం కొనసాగించి వచ్చే సంచికలో రాయాలని కోరుతున్నాము.

ఒక హెచ్చరిక. ప్లాస్టిక్‌ను కాల్చి చూసే ప్రయోగం ఎవరూ చేయవద్దు. మా మొదటి డబ్బా తెలియక చేసిన పొరపాటు, అది ప్రయోగం కాదు. పుల్లలతో బొగ్గు చేసేటప్పుడు కూడా పెద్దవారు ఉండాలి, ఆరుబయట చేయాలి, మూతకు రంధ్రం తప్పక ఉండాలి. లేకపోతే లోపలి వాయువుల ఒత్తిడికి డబ్బా పేలవచ్చు. డబ్బా పూర్తిగా చల్లారేదాకా మూత తీయకూడదు. వేడి బొగ్గుకు గాలి తగిలితే మళ్లీ అంటుకుంటుంది.

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు

మన ఇండ్లలో గ్యాసు ఉన్నా, స్నానాల నీళ్లకు కట్టెల పొయ్యి ఇంకా చాలాచోట్ల ఉంది. పొద్దున్నే అమ్మనో నాయనమ్మనో పొయ్యి అంటించడానికి ఏం వాడుతుందో చూడండి. పాలిథీన్ కవరు. తొందరగా అంటుకుంటుందని. అంటుకోవడం నిజమే. కిలో పాలిథీన్‌లో ఎండు కట్టెకు రెట్టింపు కన్నా ఎక్కువ వేడి ఉంది. కానీ ఆ పొయ్యి ముందు కూర్చొని ఊదేది అమ్మ. ఆ బూడిదనే గిన్నెలు తోమడానికి, మొక్కలకు వాడేది కూడా అమ్మే. మాలో ఒకడు సంక్రాంతి సెలవులలో ఈ మాట చెబితే వాళ్ల నాయనమ్మ, "గింత కవరుకేమైతది బిడ్డా" అన్నదట. వాడు పోట్లాడలేదు. ఎండు కొబ్బరిపీచు, సన్నని కంది పుల్లలు కట్టలు కట్టి పొయ్యి పక్కన పెట్టి వచ్చాడు. మళ్లీ వెళ్లేసరికి ఆ కట్టలు అయిపోయాయట. మీరు కూడా చెప్పి ఊరుకోకండి, కట్టి పెట్టి రండి.

మననం చేసుకోవడానికి కొన్ని ప్రశ్నలు

1. కట్టె మండడానికి, బొగ్గు కావడానికి తేడా ఏమిటి?
2. పాలిథీన్ 130 డిగ్రీల దగ్గరే కరిగినా 400 డిగ్రీల దాకా ఎందుకు పోదు? కరగడానికి, తెగడానికి తేడా రాయండి.
3. 90 గ్రాముల కట్టె, 10 గ్రాముల పాలిథీన్ కలిపితే ఎంత బొగ్గు రావాలి? కట్టె ఒంటరిగా నూటికి 30 ఇస్తుందనుకోండి. 29 గ్రాములు వస్తే మీకు ఏ అనుమానాలు వస్తాయి?
4. పీవీసీ వల్ల బొగ్గు పెరిగినా అది మేలు ఎందుకు కాదు?

మూడో ప్రశ్నకు జవాబు 27 గ్రాములు. మిగిలిన మూడింటికి జవాబులు ఈ పాఠంలోనే ఉన్నాయి.

ముగించే ముందు ఒక మాట. ఆ తమ్ముడు ఇప్పుడు ఏడో తరగతికి వచ్చాడు. కవర్ల డ్రమ్ము బాధ్యత అడిగి మరీ తీసుకున్నాడు. ఎవరైనా ఆకుల డ్రమ్ములో కవరు వేస్తే తీసి వాళ్ల చేతిలోనే పెడుతున్నాడు. వాడు అడిగిన ప్రశ్నకు ఆ రోజు మేము జవాబు చెప్పలేదు. కాలబెట్టింది మేమే తమ్మీ. ఈ పాఠం అందుకే రాశాము.

వెనుక గోడకు ఈ మధ్య సున్నం వేశాము. వార్షికోత్సవానికి వచ్చే అన్నలు ఆ మూలకు కూడా వచ్చి చూసిపోవాలని మనవి.